నీళ్లలో కొలిచిన రేణువు

పిన్ని ఫోన్ చేసింది. అప్పటికి ఆమెకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి, కీమో నడుస్తోంది. గుంటూరు కొత్తపేటలో ఒక ఆసుపత్రికి వారం వారం తీసుకెళ్తున్నాం. "ఏందిరా, నానో మందంట, క్యాన్సర్ ఉన్న చోటికే పోయి దాన్నొక్కదాన్నే చంపుద్దంట. జుట్టు కూడా ఊడదంట. నువ్వు చెప్పే పాఠం అదేగా, మనకి దొరకదా?" అంది. వాట్సాప్‌లో ఎవరో పంపిన వీడియో చూసిందట. నాకూ పంపింది. రక్తనాళంలో బంగారు బంతులు వరసగా ఈదుకుంటూ వెళ్లి, మంచి కణాలను వదిలేసి, నల్లగా ఉన్న కణం తలుపు తట్టి లోపలికి దూరతాయి. కణం పేలిపోతుంది.

నేను ఫార్మసీ కాలేజీలో పదహారేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఎం.ఫార్మ్ పిల్లల చేత నానో రేణువుల మీద, అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతైన నానోమీటర్లలో కొలిచే రేణువుల మీద, ప్రాజెక్టులు చేయిస్తాను. ఆ రోజు పిన్నికి ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాను గానీ వీడియో మాత్రం నన్ను వదల్లేదు. పిన్ని ఆశ పడటంలో తప్పేమీ లేదు. నన్ను ఇబ్బంది పెట్టింది ఆ బంతుల నునుపు. రక్తంలో అంత దూరం వెళ్లినా వాటికి ఏమీ అంటుకోలేదు. సీసాలో ఎలా మెరిశాయో గడ్డ దగ్గరికి చేరేసరికి కూడా అలాగే మెరుస్తున్నాయి.

అలా జరగదు. రక్తంలో పడ్డ ఏ రేణువుకైనా ప్రోటీన్లు వచ్చి అంటుకుంటాయి. దానికి గంటలు అక్కర్లేదు. జర్మనీలోని మైంజ్ పరిశోధకులు 2013లో ప్రచురించిన పనిలో, సిలికా, పాలీస్టైరీన్ రేణువులను మనిషి ప్లాస్మాలో, అంటే రక్తకణాలు తీసేశాక మిగిలే ద్రవంలో, కలిపితే అర నిమిషం లోపే దాదాపు 300 రకాల ప్రోటీన్లు వాటి మీద కనిపించాయి. ఆ తర్వాత శరీరానికి ఎదురయ్యేది మనం తయారుచేసిన రేణువు కాదు, దాని మీద చేరిన పొర. ఈ సంగతి తెలిసి కూడా రేణువును నీళ్లలో కొలిచి, ప్లాస్మా మొహం చూపించకుండా, థీసిస్ చివరి పేజీలో "క్యాన్సర్ చికిత్సకు ఉపయోగపడగలదు" అని రాసే అలవాటు మా కాలేజీల్లో ఉంది. నేనూ రాయించాను. ఇక మానెయ్యాలనే ఈ పోస్టు.

మిర్చి యార్డు నుంచి వచ్చిన చొక్కా

గుంటూరు వాళ్లకి ఈ విషయం అర్థం చేయించడం కష్టం కాదు. మూడేళ్ల క్రితం మార్చిలో మా స్టూడెంట్ ఒకమ్మాయి వాళ్ల నాన్న కాలేజీకి వచ్చాడు. ప్రత్తిపాడు వైపు రైతు. కాయలు అమ్ముకుని యార్డు నుంచి నేరుగా వచ్చాడు, కూతురి ప్రాజెక్టుకి డబ్బు కట్టడానికి. ఆయన వరండా మెట్లెక్కుతుండగానే లోపల ఇద్దరు తుమ్మారు. ఆఫీసులో క్లర్క్ తలెత్తకుండానే "యార్డు నుంచా?" అని అడిగాడు. ఆయన ఎవరో, పేరేంటో, ఎవరి తండ్రో ఎవరికీ తెలియదు. చొక్కా మీది కారం దుమ్ముని బట్టే అందరూ ఆయన్ని గుర్తుపట్టారు.

మన కణాలు రేణువును గుర్తుపట్టేదీ ఇలాగే. కాకపోతే ప్లాస్మాలో ఉండేది ఒక రకం దుమ్ము కాదు. ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఒక్కటే లీటరుకు 35 నుంచి 50 గ్రాములు ఉంటుంది. ఎక్కువ ఉంది, చురుగ్గా కదులుతుంది కాబట్టి మొదట అదే వచ్చి కూర్చుంటుంది. తర్వాత రక్తం గడ్డకట్టించే ఫైబ్రినోజన్ లాంటివి, తక్కువ మోతాదులో ఉన్నా గట్టిగా పట్టుకోగలిగినవి, దాన్ని లేపి ఆ చోట కూర్చుంటాయి. రైల్లో సీటు ఖాళీగా ఉందని ముందు ఎక్కిన వాళ్లు కూర్చోవడం, రిజర్వేషన్ ఉన్న వాళ్లు వచ్చాక లేవడం లాంటిదే. దీన్ని 1960లలోనే లియో వ్రోమన్ అనే రక్తశాస్త్రవేత్త గాజు మీద, ఇతర ఉపరితలాల మీద గమనించాడు. నెదర్లాండ్స్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ ఆయన కవి కూడా. నానో అనే మాట ఊరూరా వినిపించక ముందే తెలిసిన సంగతి ఇది.

2007లో డబ్లిన్, లుండ్ పరిశోధకులు ఈ పొరకి ప్రోటీన్ కరోనా అని పేరు పెట్టారు. కరోనా అంటే కిరీటం. క్లాసులో ఆ మాట అనగానే పిల్లల మొహాలు మారిపోతాయి. 2021లో ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న పిల్లలు నా క్లాసులోనే ఉన్నారు. అందుకే నేను ప్రోటీన్ పొర అనే అంటాను. రేణువుని గట్టిగా పట్టుకుని గంటల తరబడి వదలనిది లోపలి పొర. దాని పైన వస్తూ పోతూ ఉండేది వదులు పొర. లోపలి పొరలో ఏ ప్రోటీన్లున్నాయో, అవి ఏ వైపు తిరిగి ఉన్నాయో, అంటుకునేటప్పుడు మడత విప్పుకున్నాయో లేదో, వీటిని బట్టే రేణువు కాలేయానికి పోతుందా, రక్తంలో తిరుగుతుందా, తెల్ల కణాలకు దొరికిపోతుందా అన్నది చాలావరకు తేలుతుంది.

రెండో గ్రాఫ్

ఆ అమ్మాయి ప్రాజెక్టు వెండి నానో రేణువుల మీద. మునగాకు రసంలో సిల్వర్ నైట్రేట్ కలిపితే ద్రావణం గోధుమ రంగులోకి మారుతుంది. మన జిల్లాల్లో ఈ పని చేయని ఫార్మసీ కాలేజీ ఉండదేమో. వేప, తులసి, కరివేపాకు, ఏ ఆకు దొరికితే ఆ ఆకు. రేణువుల సైజు నీళ్లలో కొలిచాం. చక్కగా వచ్చింది. క్యాన్సర్ కణాల మీద పరీక్ష మా దగ్గర కుదరదు కాబట్టి హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌కి పంపాం. ఆ ఖర్చు కోసమే వాళ్ల నాన్న యార్డు నుంచి వచ్చింది.

కణాల్ని పెంచే ద్రవంలో మామూలుగా పది శాతం దూడ సీరం కలుపుతారు. సీరం అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం, నిండా ప్రోటీన్లే. ఆ అమ్మాయి ఎక్కడో చదివి, సీరం లేకుండా ఒకసారి, సీరంతో ఒకసారి పరీక్ష చేయమని వాళ్లకి ఫోన్‌లో చెప్పింది. నేను చెప్పలేదు, తనే చెప్పింది. రెండు గ్రాఫులు వచ్చాయి. సీరం లేనప్పుడు కణాలు బాగా చచ్చాయి. సీరం ఉన్నప్పుడు అదే మోతాదులో సగానికి పైగా బతికాయి.

"సార్, రెండోది కూడా పెడదామా?" అని అడిగింది.

"వద్దమ్మా. వైవాలో దాని మీదే పట్టుకుంటారు. అనవసరంగా టెన్షన్ పడతావు," అన్నాను.

తను మాట్లాడలేదు. మొదటి గ్రాఫ్‌తోనే థీసిస్ కట్టాం, దాంతోనే పేపరు కూడా పంపాం. పాసైంది. వాళ్ల నాన్న స్వీటు డబ్బా తెచ్చిచ్చాడు.

ఆ రెండో గ్రాఫే అసలు ఫలితం. వెండి రేణువు ప్రోటీన్ల మధ్యకి వెళ్లగానే వేరే వస్తువుగా మారిపోతోందని ఒక పల్లెటూరి అమ్మాయి, వాళ్ల నాన్న కాయలమ్మిన డబ్బుతో, కళ్లకు కట్టినట్టు చూపించింది. ఎందుకలా అయింది, ఏ ప్రోటీన్ అంటుకుంది, కణం లోపలికి వెళ్లే రేణువులు తగ్గాయా, వెండి అయాన్లను ప్రోటీన్లు పట్టేసుకున్నాయా అని ఇంకో ఏడాది పని దాంట్లో ఉంది. నేను దాన్ని తీసేయించాను. భయం ఆ అమ్మాయికి లేదు, నాకుంది.

గురి తప్పిన చేతులు

ఎవరైనా నాతో "సార్, రేణువు మీద గురి చూసే అణువుని అతికిస్తే చాలు కదా, ఏ పొర ఉంటేనేం?" అంటే నేను 2013లో డబ్లిన్ నుంచి వచ్చిన ఒక పని గురించి చెబుతాను. ట్రాన్స్‌ఫెర్రిన్ అనే ఇనుము మోసే ప్రోటీన్ని సిలికా రేణువుల మీద అతికించారు. కణం మీద దాన్ని పట్టుకునే గ్రాహకం (రిసెప్టర్) ఉంటుంది కాబట్టి రేణువు వెళ్లి అక్కడే పట్టుకోవాలి. ప్రోటీన్లు లేని ద్రవంలో అలాగే పట్టుకుంది. సీరం కలపగానే ఆ గురి పోయింది. అతికించిన ట్రాన్స్‌ఫెర్రిన్ ఎక్కడికీ పోలేదు, మీద వేరే ప్రోటీన్లు కప్పేశాయి.

2016లో టొరంటో బృందం అంతకు ముందు పదేళ్లలో వచ్చిన పేపర్లన్నీ కూడదీసి లెక్క కట్టింది. అవి చాలావరకు ఎలుకల మీద చేసినవే. ఇంజెక్షన్ ఇచ్చిన నానో రేణువుల్లో గడ్డకు చేరినది, మధ్యస్థంగా చూస్తే, 0.7 శాతం. ఆ లెక్క కట్టిన తీరు మీద వాదనలున్నాయి. మామూలు కీమో మందులో ఎంత శాతం గడ్డకు చేరుతుందో కూడా పక్కన పెట్టి చూడాలి కదా అన్నారు కొందరు. న్యాయమైన ప్రశ్నే. ఇంత తక్కువ చేరడానికి ప్రోటీన్ పొర ఒక్కటే కారణం అని నేనూ అనను. కాలేయం, ప్లీహం, గడ్డలోని ఒత్తిడి, అన్నీ ఉన్నాయి. కానీ వంద బంతుల్లో వందా గడ్డలోకి దూరే వీడియోని పిన్ని చేతిలో పెట్టిన వాళ్లు ఆ 0.7 గురించి ఒక్క మాటైనా చెప్పాల్సింది.

అయితే నానో మందులన్నీ వట్టివేనా?

ఇక్కడే నాకు నా వాదన మీద గట్టి అనుమానం వచ్చింది. దాన్ని దాటేసి పోదల్చుకోలేదు.

పిన్నికి మొదట ఇచ్చింది మామూలు పాక్లిటాక్సెల్. ఆ మందు నీళ్లలో కరగదు. ఆముదం నుంచి తయారయ్యే ఒక ద్రావకంలో కరిగించి ఇస్తారు. రెండోసారి ఎక్కిస్తుండగా ఆమెకు ఛాతీ బిగుసుకుపోయి, మొహం ఎర్రబడి, డ్రిప్ ఆపాల్సి వచ్చింది. డాక్టరు మందు మార్చారు. తర్వాతి వారం వచ్చిన సీసాలో ద్రవం పాలలా తెల్లగా ఉంది. అరగంటలో అయిపోయింది. మందు చీటీ చూశాక గానీ నాకు వెలగలేదు. నాబ్ పాక్లిటాక్సెల్. మనిషి ఆల్బుమిన్‌తోనే మందుని 130 నానోమీటర్ల రేణువులుగా చేసి ఇచ్చేది.

ఆమె నాకు ఫోన్ చేసి నానో మందు కావాలని అడిగేనాటికే ఆమె రక్తంలోకి నానో మందు ఎక్కుతోంది. వీడియోలో లాగా గురి చూసి కొట్టేది కాదు. రక్తంలోకి వెళ్లగానే ఆ రేణువు విడిపోయి, మందు అంటుకున్న ఆల్బుమిన్ ముక్కలుగా మారుతుంది. జుట్టు ఊడింది. కానీ ఛాతీ బిగుసుకుపోలేదు. ఆముదం ద్రావకం అక్కర్లేకపోవడమే దాని గొప్ప.

ఇంకా ఉన్నాయి. 2021 మే, జూన్ నెలల్లో బ్లాక్ ఫంగస్ రోజులు ఈ ఊళ్లో ఎవరూ మర్చిపోలేదు. లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ వయల్స్ కోసం విజయవాడ సూర్యారావుపేట నుంచి హైదరాబాద్ దాకా ఫోన్లు చేసిన వాళ్లలో నేనూ ఉన్నాను. పాత ఆంఫోటెరిసిన్ కిడ్నీలను దెబ్బతీస్తుంది. దాన్నే కొవ్వు బుడగల్లో పెట్టి ఇస్తే ఆ నష్టం బాగా తగ్గుతుంది. ఆ బుడగ వంద నానోమీటర్ల లోపు ఉంటుంది. రక్తం తక్కువైన గర్భిణులకు మన ప్రభుత్వాసుపత్రుల్లో సెలైన్‌లో కలిపి ఎక్కించే ఐరన్ సుక్రోజ్ కూడా నానో రేణువే. ఇనుము గుండు, పైన చక్కెర తొడుగు.

ఇక కీమో మందు డాక్సోరుబిసిన్‌ని కొవ్వు బుడగల్లో పెట్టిన డాక్సిల్ 1995లోనే అమెరికాలో అనుమతి పొందింది. నాబ్ పాక్లిటాక్సెల్ 2005లో. ప్రోటీన్ కరోనా అనే మాట పుట్టింది 2007లో. పేరు పుట్టక ముందే మందులు పనిచేశాయి కదా, నీకెందుకీ ఆరాటం అని ఎవరైనా అడగొచ్చు. నన్ను నేనూ అడిగాను.

నాకు తోచిన సమాధానం ఇది. ఆ మందులు ప్లాస్మాని తప్పించుకుని రాలేదు. జంతువుల్లోకి, ఆ తర్వాత మనుషుల్లోకి వెళ్లి, ఏళ్ల తరబడి రక్తంలో నిలబడ్డవే మిగిలాయి. పొర గురించి విడిగా కొలవకపోయినా రక్తమే వాటికి పరీక్ష పెట్టింది. మా కాలేజీ రేణువులు ఆ పరీక్ష దాకా పోవు. నీళ్లలో పుట్టి, నీళ్లలో కొలిపించుకుని, పేపర్లో ఆగిపోతాయి. అందుకే మేము కనీసం ఒక్క చెంచా ప్లాస్మా అయినా వాటికి చూపించాలి.

ఇంకో సంగతి. పొర ఎప్పుడూ శత్రువు కాదు. 2018 ఆగస్టులో అమెరికాలో అనుమతి పొందిన పాటిసిరాన్, ఆర్‌ఎన్‌ఏ అంతరాయం (ఒక ప్రోటీన్ తయారవకుండా దాని ఆర్‌ఎన్‌ఏ సందేశాన్ని అడ్డుకోవడం) పద్ధతిలో వచ్చిన మొదటి మందు, కొవ్వు నానో రేణువుల్లో ప్యాక్ చేసి ఇస్తారు. వాటి మీద గురి అణువు ఏదీ లేదు. రక్తంలోకి వెళ్లాక అపోలిపోప్రోటీన్-E అనే మన సొంత ప్రోటీన్ వచ్చి అంటుకుంటుంది. కాలేయ కణాలు దాన్ని కొలెస్ట్రాల్ రేణువు అనుకుని తలుపు తీస్తాయి. ఆ ప్రోటీన్ లేని ఎలుకల్లో ఇలాంటి రేణువులు పనిచేయలేదు. రేణువు మీద ప్రోటీన్లు చేరకుండా పెగ్ అనే పాలిమర్ పూత పూస్తామని మేం పాఠంలో చెబుతాం. 2016లో మళ్లీ మైంజ్ నుంచే వచ్చిన పని అందులో కూడా మెలిక ఉందని చూపించింది. పెగ్ పూసిన రేణువు తెల్ల కణాలకు చిక్కకుండా ఉండాలంటే క్లస్టరిన్ లాంటి ప్రోటీన్లు దాని మీద చేరాలి. ప్లాస్మా లేకుండా పెడితే పెగ్ పూత ఉన్నా కణాలు ఎక్కువగానే మింగాయి. "పెగ్ ప్రోటీన్లను రానివ్వదు" అని పదేళ్లు బోర్డు మీద రాశాను. ఇప్పుడు "కొన్నింటిని తగ్గిస్తుంది, కొన్నింటిని ఎంచుకుంటుంది" అని రాస్తున్నాను.

మన దగ్గర కుదరదనే మాట

స్టాఫ్ రూంలో ఇదంతా చెబితే మా సీనియర్ ఒకాయన శాంతంగా విన్నారు. విని, "మాస్టారూ, పిల్లలకి ఉన్నది ఎనిమిది నెలలు. ఏ ప్రోటీన్ ఏదో చెప్పే మాస్ స్పెక్ట్రోమీటర్ మన దగ్గర లేదు. మనిషి ప్లాస్మా కావాలంటే ఎథిక్స్ కమిటీ, సమ్మతి పత్రాలు. మనం మందు కనిపెడుతున్నామా, పని నేర్పిస్తున్నామా?" అన్నారు.

ఆయన మాటలో నిజం ఉంది. ఏ ప్రోటీన్ ఎంత అంటుకుందో పూర్తి జాబితా తీయడం మా వల్ల కాదు. కానీ పని నేర్పించడమే మన బాధ్యత అయితే, సగం పనిని మొత్తం పనిగా నేర్పించకూడదు కదా. నీళ్లలో ఒకసారి, సీరంలో ఒకసారి సైజు కొలవడానికి అదే మిషన్ చాలు. రేణువుల్ని సెంట్రిఫ్యూజ్‌లో దింపి, కడిగి, అంటుకున్న ప్రోటీన్లను ఊడదీసి, వాటిని సైజు వారీగా విడదీసే జెల్ మీద పరిగెత్తిస్తే గీతలు కనిపిస్తాయి. జెల్ ట్యాంకు ప్రతి బయోటెక్ విభాగంలోనూ మూలన ఉంటుంది. ఇవి కూడా చేయలేని చోట "ఇది ప్రోటీన్ల సమక్షంలో పరీక్షించలేదు" అని ఒక వాక్యం రాయొచ్చు. దానికి ఖర్చే లేదు.

అసలు దీనికి మొదటి పాఠం మా రోజుల్లో ఇంటర్‌లోనే ఉండేది. విజయవాడలో హాస్టల్లో ఉండి చదివిన రోజుల్లో గోల్డ్ నంబర్ నిర్వచనం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. పది మిల్లీలీటర్ల ఎర్రటి బంగారు కొల్లాయిడ్‌కి (సన్నటి బంగారు రేణువులు తేలుతూ ఉండే నీళ్లకి) ఒక మిల్లీలీటరు పది శాతం ఉప్పు ద్రావణం కలిపినా రంగు మారకుండా కాపాడే రక్షక కొల్లాయిడ్ బరువు, మిల్లీగ్రాముల్లో. జెలటిన్‌కి 0.005 నుంచి 0.01. రసాయన శాస్త్రవేత్త జిగ్మాండీ 1901లో ఇచ్చిన లెక్క అది. ఆయనకు 1925 సంవత్సరపు నోబెల్ వచ్చింది. జెలటిన్ ప్రోటీనే కదా, బంగారం నానో రేణువే కదా, అంటే నేను బట్టీ పట్టింది ప్రోటీన్ పొర గురించే కదా అని నాకు తట్టడానికి పాతికేళ్లు పట్టింది. ఒక్కసారైనా ఆ ఎరుపు నీలంగా మారడం చూపించి ఉంటే అంత కాలం పట్టేది కాదు.

ఈ ఏడాది బ్యాచ్‌కి చూపించాను. ఒక గ్రాము గోల్డ్ క్లోరైడ్ కొంటే పది లీటర్ల కొల్లాయిడ్ వస్తుంది. సిట్రేట్ వేసి మరిగిస్తే రంగులేని నీళ్లు కాసేపటికి దానిమ్మ రసంలా అవుతాయి. మొదటి ట్యూబులో ఉప్పు నీళ్లు వేశాం, క్షణంలో నీలమైంది. రెండో దాంట్లో ముందు కోడిగుడ్డు తెల్లసొన చుక్క కలిపి, ఆ తర్వాత ఉప్పు వేశాం. ఎర్రగానే ఉండిపోయింది. మన రక్తంలోనూ ఉప్పుంది, దాదాపు 0.9 శాతం. పొర లేకపోతే ఆ బంగారం రక్తంలో ముద్దకట్టేది. పొర ఉంటే ముద్దకట్టదు, కానీ ఇక అది బంగారంలా కనిపించదు. ఈ రెండూ ఒకే తెల్లసొన చుక్కలో పిల్లలు చూశారు.

అప్పుడు వెనక నుంచి ఒక అబ్బాయి అడిగాడు. "సార్, తెల్లసొన బదులు మా నాన్న రక్తం నుంచి తీసిన ప్లాస్మా వేస్తే? ఆయనకి షుగర్. వేరేగా వస్తుందా?"

రంగులో తేడా తెలియదని చెప్పాను. పొరలో మాత్రం తేడా ఉండొచ్చు. వేర్వేరు జబ్బులున్న వాళ్ల ప్లాస్మాలో ఒకే రేణువుని ముంచితే వేర్వేరు పొరలు వస్తాయని 2014 నుంచి పేపర్లు వస్తున్నాయి. షుగర్‌లో ఆల్బుమిన్‌కి చక్కెర అతుక్కుని ఉంటుంది. ఇనుము తగ్గిన వాళ్లలో ట్రాన్స్‌ఫెర్రిన్ పెరుగుతుంది. మన ఊళ్లలో ఈ రెండూ లేని ఇల్లు ఏది? రేణువుని సెంట్రిఫ్యూజ్‌లో కడిగేటప్పుడు వదులు పొర కొట్టుకుపోతుంది కాబట్టి, మనం జెల్ మీద చూసేది శరీరంలో ఉన్న పొరలో ఒక భాగమే అని కూడా చెప్పాను. "మరి మిగతాది ఎట్టా చూడాలి సార్?" అన్నాడు. నా దగ్గర మంచి సమాధానం లేదు.

ఆ సాయంత్రం పాత స్టూడెంట్‌కి మెసేజ్ పెట్టాను, ఆ రెండో గ్రాఫ్ ఇంకా ఉందా అని. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో పనిచేస్తోంది. పది నిమిషాల్లో ఫోటో వచ్చింది. ల్యాబ్ వాళ్లిచ్చిన కాగితం, మడతల దగ్గర చిరిగింది, పక్కన పెన్సిల్‌తో తన చేతిరాత: "సీరంతో ఎందుకు తగ్గింది?" దాని ప్రింటు తీసి ల్యాబ్ తలుపు మీద అంటించాను. ఎథిక్స్ కమిటీకి ప్లాస్మా కోసం దరఖాస్తు గత సోమవారం వెళ్లింది. దాని మీద సంతకం చేసిన ఇద్దరు పిల్లల్లో ఒకడు, వాళ్ల నాన్నకి షుగర్ ఉన్న ఆ అబ్బాయే.